వరి మడిలో దుక్కి: ఎప్పుడు, ఎంత లోతు, ఎన్నిసార్లు

వరి కోసిన మడిలో మినుము మొలిచి నెల దాటాక, ఒక మొక్కను లాగకుండా పక్కనుంచి పారతో తవ్వి, వేరుతో సహా పైకి తీసి చూడండి. కాశీనగర్ దగ్గర వంశధార పక్కన మేము సాగుచేసే మడిలో నేను మొదటిసారి ఆ పని చేసినప్పుడు, తల్లివేరు జానెడు లోతు కూడా దిగకుండానే మోచేయి వంచినట్టు పక్కకు తిరిగి, అక్కడి నుంచి అడ్డంగా పాకి ఉంది. ఆ మలుపు కింద మట్టిని చాకుతో గీకితే పలకలు పలకలుగా లేచింది. పలకల మధ్య బూడిద రంగు మీద తుప్పు మరకలు కనిపించాయి. పైన ఆకులు మధ్యాహ్నానికే వడలుతున్నాయి గాని, ఆ పొరను పగలగొట్టి కిందకు చేయి పెడితే మట్టి చల్లగా, తేమగా తగిలింది. తేమ అక్కడే ఉండగా దాని దగ్గరకు వేరు పోలేక పైరు వడలుతోందని అప్పుడు అర్థమైంది. ఆ పొర ఎక్కడి నుంచో వచ్చినది కాదు, ఏళ్ళ తరబడి ఒకే లోతులో దమ్ము చేసి, అంటే నాట్లకు ముందు నీరు పెట్టి మట్టిని బురదగా మెదిపి, మేమే కట్టుకున్న గచ్చు అది.

ఒడిశా సరిహద్దులో, పర్లాకిమిడి నుంచి కాశీనగర్ మీదుగా గుణుపురం దాకా, తెలుగు మాట్లాడే రైతులు చాలామంది సాగు క్రమం ఒకటే: వానకారు వరి, ఆ తడి మీద మినుమో పెసరో. దమ్ము వల్ల నేలకు జరిగిన కీడు వరిలో కనబడదు, రెండో పంటలో బయటపడుతుంది. కాబట్టి దుక్కి గురించి నిర్ణయించేవారు వరిని ఒక్కదాన్నే చూసి నిర్ణయించకూడదన్నది నా అభిప్రాయం. ఏ మడికి ఎంత దుక్కి అవసరమో ముందు పరీక్షించడం, వేసవి నుంచి అపరాల దాకా ఏ పని ఎలా చేయాలో చూడడం, నేలలో కర్బనం పెరిగిందో తరిగిందో కొలుచుకోవడం అనే వరుసలో ఇది రాశాను.

దమ్ములో మట్టికి ఏం జరుగుతుంది

మంచి నేలలో ఇసుక, ఒండ్రు, బంకమట్టి రేణువులు విడివిడిగా ఉండవు. వేళ్ళ నుంచి ఊరే జిగురు, శిలీంధ్రాల సన్నని దారాలు, కుళ్ళిన ఆకు అలము కలిసి వాటిని చిన్న చిన్న కణికలుగా కట్టి ఉంచుతాయి. ఈ కణికల మధ్య సందుల్లోంచే గాలి ఆడుతుంది, నీరు దిగుతుంది, వేరు దూరుతుంది. నేలలోని సేంద్రియ కర్బనంలో కొంత భాగం కణికల లోపల దాగి ఉంటుంది. సూక్ష్మజీవులకు అంత సులువుగా అందదు కాబట్టి అది ఏళ్ళ తరబడి నిలుస్తుంది. కణిక పగిలిందంటే ఆ కర్బనం వాటికి ఆహారమై, బొగ్గుపులుసు వాయువుగా మారి పోతుంది. దుక్కికీ కర్బనానికీ ఉన్న లంకె ఇదే.

దమ్ము అంటే ఈ కణికలను నీళ్ళలో నానబెట్టి కావాలని పగలగొట్టడమే. విడిపోయిన బంకరేణువులు నీళ్ళలో తేలి, మెల్లగా పేరుకుని, నేలలోని సన్న సందులను పూడ్చివేస్తాయి. దానికి తోడు ఎడ్ల గిట్టలు, ట్రాక్టరు చక్రాలు, కర్రు అడుగుభాగం ఏటా ఒకే లోతులో నొక్కడంతో, చాలా మడుల్లో 15 నుంచి 25 సెంటీమీటర్ల మధ్య గట్టిపొర తయారవుతుంది. వరికి ఇందులో మేలు ఉంది. నీరు నిలుస్తుంది, కలుపు అణుగుతుంది, నాటేవారి చేతికి మట్టి మెత్తగా తగులుతుంది. నీరు కట్టిన మట్టిలో గాలి అందక కుళ్ళు మెల్లగా సాగుతుంది కనుక, వరి మాగాణుల్లో సేంద్రియ కర్బనం పక్కనున్న మెట్ట కంటే సాధారణంగా ఎక్కువే ఉంటుంది. అందుచేత దమ్మునే తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నీరు ఆరిన తరువాత, కణికలు పోయిన ఆ మట్టి బిగుసుకుని నెర్రెలిస్తుంది. ఎంత ఎక్కువ మెదిపితే అంత ఎక్కువ బిగుసుకుంటుంది. కాబట్టి నీరు నిలవడానికి సరిపడా మెదపడం ఎక్కడ ఆగుతుందో, అక్కర్లేని మెదుపు ఎక్కడ మొదలవుతుందో ఆ గీత కనిపెట్టడమే రైతు చేయవలసిన పని.

ముందు మడిని పరీక్షించండి

మొదటి పరీక్షకు పార, చాకు, కొలబద్ద చాలు. వరి కోసిన వారంలో, నేలలో ఇంకా పదును (దున్నడానికి తగినంత తడి) ఉన్నప్పుడు, మడి మధ్యలో ఒకటి, ట్రాక్టరు దిగే దారి దగ్గర ఒకటి చొప్పున అడుగున్నర లోతు గోతులు తీయండి. గోతి ఒక గోడను నునుపుగా చెక్కి, చాకు మొనతో పైనుంచి కిందకు అంగుళం అంగుళం గుచ్చుతూ రండి. ఎక్కడ మొన ఆగిపోతుందో అక్కడ గుర్తు పెట్టి, లోతూ మందమూ కొలిచి రాసుకోండి. వేళ్ళు ఆ గుర్తు కిందకు దిగాయా, అడ్డంగా తిరిగాయా చూడండి. గోతి తీసే ఓపిక లేని మడుల్లో పొడవాటి ఇనుప కడ్డీని రెండు చేతులతో నేలలోకి నొక్కినా పొర తెలుస్తుంది. పది చోట్ల నొక్కితే ఏడెనిమిది చోట్ల ఒకే లోతులో ఆగితే పొర మడి అంతటా ఉన్నట్టు. దారి దగ్గరా మూలల్లోనూ మాత్రమే ఆగితే, అది దుక్కి వల్ల కాక బళ్ళు, యంత్రాలు తిరగడం వల్ల వచ్చినట్టు. ఈ రెంటికీ మందు వేరు.

రెండో పరీక్ష పిల్లలు కూడా చేయగలరు, చూసినవారు మరిచిపోరు. మడి పైమట్టి నుంచి ఒక పెళ్ళ, అదే మడి గట్టు మీద గడ్డి దుబ్బుల కింద నుంచి ఒక పెళ్ళ తెచ్చి, రెండింటినీ ఉసిరికాయంత చేసి, మూడు రోజులు నీడలో ఆరబెట్టండి. రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి, టీ వడగట్టే జల్లెడలను గ్లాసు మూతిలో మునిగేలా ఆనించి, ఒక్కొక్క పెళ్ళను మెల్లగా దించండి. మా ఇంట్లో ఈ పని చేసినప్పుడు గట్టు పెళ్ళలోంచి సన్నని గాలి బుడగలు లేచాయి గాని, పది నిమిషాల తరువాత కూడా అది ఆకారం కోల్పోలేదు, నీళ్ళు తేటగానే ఉన్నాయి. మడి పెళ్ళ నిమిషం తిరగకుండానే పక్కలు జారి, కూలి, జల్లెడ కన్నాల్లోంచి బురదగా దిగి, గ్లాసు అడుగంతా మసకబారింది. రెండూ ఒకే నేల. నాగలి తగలకపోవడం, ఏడాది పొడవునా గడ్డి వేళ్ళు ఉండడం తప్ప గట్టుకు మరో విశేషం లేదు. మీ మడి పెళ్ళ కూలడానికి ఎంతసేపు పట్టిందో రాసి పెట్టుకోండి, రెండేళ్ళ తరువాత పోల్చుకోవడానికి పనికివస్తుంది.

మూడోది నీరు ఇంకే వేగం. నాట్లు వేసిన వారం తరువాత, వాన లేని రోజున, మడిలోంచి నీరు పోయే దారులన్నీ మూసి, గీతలు పెట్టిన పుల్లను బురదలో గట్టిగా పాతి, ఉదయం నీటిమట్టం దగ్గర గుర్తు పెట్టి, మర్నాడు అదే వేళకు చూడండి. రోజుకు నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్లు ఎండకూ పైరుకూ పోతాయి, మిగతాది నేలలోకో గట్టులోకో పోయినట్టు. మొత్తం తగ్గుదల పది మిల్లీమీటర్ల లోపుంటే ఆ మడికి ఇంకా దమ్ము పెంచడం వృథా. పాతికకు మించి తగ్గితే అది తేలిక నేల, లేదా గట్టులో ఎలుక, పీత బొరియలున్నాయి. బొరియలు ముందు వెతకండి. గట్టు కారుతున్న మడికి దమ్ము మీద దమ్ము చేసిన వాళ్ళను చూశాను, నీరు ఆగలేదు సరికదా మట్టి మాత్రం పాడయింది.

వేసవి దుక్కి, పదును

సరిహద్దు ఊళ్ళలో జ్యేష్ఠ మాసం రెండు ఆచారాలను వెంట తెస్తుంది. మన ఇళ్ళలో ఏరువాక పున్నమి నాడు ఎడ్లను అలంకరించి దుక్కి మొదలుపెడతాం. జూన్ నడుమ వచ్చే రజొ పండుగ మూడు రోజులూ భూమాతకు విశ్రాంతి అని ఒడియా ఇరుగుపొరుగులు నేలను గాయపరచరు, నాగలి పట్టరు. ఈ రెండు ఆచారాలనూ నేను సమానంగా గౌరవిస్తాను, ఎందుకంటే దున్నవలసిన రోజు ఎంత ముఖ్యమో దున్నకూడని రోజు కూడా అంతే ముఖ్యం. ఆ రోజును తేల్చేది నేలలోని పదును.

పదును చూడడానికి నాలుగైదు అంగుళాల లోతు నుంచి పిడికెడు మట్టి తీసి, ఉండకట్టి, నడుము ఎత్తు నుంచి నేల మీదకు వదలండి. ఉండ పొడిగా చెదిరి కణికలుగా విడిపోతే దున్నవచ్చు. చదునై ముద్దగా అతుక్కుపోతే ఆగాలి. తడి ఎక్కువైనప్పుడు దున్నితే కర్రు మట్టిని నునుపుగా నొక్కి పొరను బిగిస్తుంది, మరీ ఎండినప్పుడు దున్నితే పెద్ద పెళ్ళలు లేచి వాటిని చితకడానికి మరో రెండు చాళ్ళు పడతాయి. కిరాయి ట్రాక్టరు దొరికిన రోజే దుక్కి రోజు అనుకోవడం వల్లే మన నేలలకు ఎక్కువ నష్టం జరుగుతోంది. రెండు మూడు కుటుంబాలు కలిసి ముందే మాట్లాడుకుని, పదును వచ్చిన మడి నుంచి వరుసగా దున్నించుకుంటే ఖర్చు పెరగకుండానే ఈ కష్టం చాలావరకు తీరుతుంది.

వేసవి దుక్కి వల్ల మోళ్ళలో దాగిన కాండం తొలుచు పురుగు, తుంగ వంటి కలుపు గడ్డలు ఎండకు చస్తాయి. కలుపు, పురుగు బాధ ఉన్న పల్లపు మడుల్లో తొలకరికి ముందు పడే జల్లుల పదును మీద ఒక్క చాలు దున్నడం సమంజసమే. కొండవాలు నుంచి దిగే ఎర్ర గరప (ఇసుక పాలు ఎక్కువున్న) మడుల్లో మాత్రం ఏటా వేసవిలో తిరగదున్నకండి. విప్పిన మట్టిలో ఎండకు కర్బనం త్వరగా కరిగిపోతుంది, ఆ వెంటనే పడే గాలివానకు పైమట్టి గెడ్డలోకి కొట్టుకుపోతుంది. అక్కడ దున్నక తప్పకపోతే వాలుకు అడ్డంగా దున్నండి.

పచ్చిరొట్ట

నేలలో కణికలు తిరిగి కట్టుకోవాలంటే వేరూ కుళ్ళూ రెండూ కావాలి, ఆ రెండింటినీ జీలుగ ఇస్తుంది. ఒడియా విత్తనాల కొట్లలో దీన్ని ధణిచా అని అడగాలి. తొలి వానలకు ఎకరాకు 10 నుంచి 12 కిలోలు చల్లి, 45 రోజుల ప్రాయంలో, కాడ ఇంకా మెత్తగా ఉండగా, పూత తొలిదశలోనే కలిపి దున్నాలి. ఆలస్యమైతే కాడ నారగట్టి త్వరగా కుళ్ళదు. నీటి వసతి లేని చోట జీలుగకు 45 రోజులు ఆగితే నాట్లు వెనకబడతాయి. అలాంటప్పుడు రోహిణి కార్తె జల్లులకే చల్లడమో, లేకపోతే వరి సాళ్ళ మధ్య జీలుగ వేసి నెల లోపు నీళ్ళలోకి అణగదొక్కడమో చేయవచ్చు. పశువుల గెత్తం ఉన్నవారు దాన్ని దమ్ముకు ముందు రోజు కాక, మూడు నాలుగు వారాల ముందే, బాగా మాగినదే తోలాలి. ఎందుకో మీథేన్ గురించి చెప్పేటప్పుడు వివరిస్తాను.

దమ్ము చేసే తీరు

నీరు పెట్టిన వెంటనే ఇనుప చక్రాలు దించకండి. రెండు మూడు రోజులు నాననిస్తే పెళ్ళలు వాటంతట అవే మెత్తబడతాయి, యంత్రం చేయవలసిన పనిలో చాలా భాగం నీళ్ళే చేసిపెడతాయి. మొదటి దమ్ము తరువాత అయిదు నుంచి ఏడు రోజుల విడుపు ఇవ్వండి. ఈ లోపల కలుపు మొలుస్తుంది, మోళ్ళూ పచ్చిరొట్టా కుళ్ళుతాయి. రెండో దమ్ము పైపైన, నాలుగంగుళాలు మించకుండా, మొలిచిన కలుపును తొక్కి చదును చేయడానికి మాత్రమే. మూడో దమ్ము ఎందుకన్నది మడి మడికీ అడగవలసిన ప్రశ్న. ఇంకుడు పరీక్షలో నీరు పది మిల్లీమీటర్ల లోపే తగ్గిన జిగట మడుల్లో ఒక్క దమ్ము, ఒక్క చదును సరిపోతాయి. ఇంకుడు ఎక్కువగా ఉన్న గరప మడుల్లో రెండు దమ్ములు అవసరం, అక్కడ వాటిని మానమని నేను చెప్పను.

నీటి మందం కూడా ముఖ్యం. దమ్ము చేసేటప్పుడు మట్టి పెళ్ళలు అక్కడక్కడా తల పైకెత్తి కనిపించేంత పలచగా నీరు ఉండాలి. ఎక్కువ నీరు కడితే యంత్రం నడిపేవారికి ఎత్తుపల్లాలు కనబడవు, మెదుపు సమంగా పడదు, చివరికి తేలిన సన్నమట్టి ఆ నీటితో పాటు మడి దాటిపోతుంది. ఆ ఎర్రనీరు పక్క కాలువలో పడుతున్నప్పుడు ఒక చెంబుతో పట్టి ఒక రాత్రి నిలబెట్టి చూడండి. అడుగున పేరుకున్న మెత్తని గసి మీ మడిలోని అతి విలువైన మట్టి, కర్బనం ఎక్కువగా అంటిపెట్టుకుని ఉండేది ఆ సన్న రేణువులనే. దమ్ము చేసిన నీటిని బయటకు వదలకుండా అక్కడే తేరనివ్వడం ఒక్క పైసా ఖర్చు లేని జాగ్రత్త. తేలిక నేల ఒక్క రోజులో తేరుకుంటుంది, జిగట నేలకు రెండు మూడు రోజులు కావాలి. తేరుకోకముందే నాటితే నారు లోతుగా దిగబడి పిలక ఆలస్యమవుతుంది.

రోటావేటరు, అంటే తిరిగే కత్తులతో మట్టిని చితకగొట్టే ట్రాక్టరు పరికరం, గురించి ఒక మాట. ఒక్కసారి తిప్పితే మడి అరిసెల పిండిలా మెత్తబడటం కంటికి ఇంపుగా ఉంటుంది గాని, దాని కత్తులు ఏటా ఒకే లోతున తిరిగి, కింద మట్టిని కొట్టి నునుపు చేస్తాయి. పొడి నేలలో రోటావేటరు వరుసగా రెండు మూడు సార్లు తిప్పించడం కణికలకు చేసే నష్టాల్లో పెద్దది. దాన్ని వాడేవారు ఒక ఏడాది రోటావేటరు, మరో ఏడాది గొర్రు లేదా నాగలి అన్నట్టు మార్చి, లోతు కూడా రెండంగుళాల తేడాతో మారుస్తూ ఉండాలి.

వెద సాగు, బెఉషణ

వాన మీదే ఆధారపడిన మడుల్లో పొడి దుక్కి చేసి వడ్లు వెదజల్లి, 25 నుంచి 35 రోజుల మధ్య, మడిలో జానెడు లోపు నీరు నిలిచినప్పుడు పైరులోనే అడ్డంగా పలచగా దున్ని, చదును పలక తోలి, ఒత్తుగా ఉన్న మొక్కలను పీకి పలచనైన చోట సర్దడం ఒడిశాలో పాత పద్ధతి. దీనినే బెఉషణ అంటారు. కలుపు అణగడానికీ నీరు నిలవడానికీ చేసే తేలికపాటి దమ్ము ఇది. తేలికైన నాగలితో, ఎడ్లతో చేసినంతకాలం నేలకు పెద్ద కీడు లేదు. నీరు సమయానికి నిలవకపోతే దుక్కి ఆలస్యమై పంట తగ్గుతుందన్నదే దీనిలో చిక్కు.

ట్రాక్టరు వెనక విత్తే గొర్రుతో వరుసల్లో వేస్తే దమ్ము అవసరం పూర్తిగా తప్పుతుంది. విత్తనం రెండు మూడు సెంటీమీటర్ల లోతున, పదును నేలలో పడాలి. కలుపు మందు సమయానికి కొట్టగలవారే ఈ దారి పట్టాలి, ఎందుకంటే దమ్ము చేసే పనిలో సగం కలుపును అణచడమే, దాన్ని మానితే ఆ బరువు మీ మీద పడుతుంది. కర్బనం సంగతి కూడా దాచకుండా చెప్పాలి. దున్నడం తగ్గిస్తే పై రెండు మూడు అంగుళాల్లో కర్బనం పెరుగుతుంది, కింద మాత్రం పెరగకపోవచ్చు, కొన్నిచోట్ల తరగవచ్చు కూడా. నీరు కట్టడం తగ్గడంతో కుళ్ళు కూడా వేగం అందుకుంటుంది. మీథేన్ బాగా తగ్గడం, మట్టి కణికలు నిలవడం, తరువాత వచ్చే మినుముకు వేరు లోతుకు దిగడం దీనిలోని ఖాయమైన లాభాలు. నేను దీన్ని ఎంచేది వీటి కోసమే.

కోత, గడ్డి, మినుము

స్వర్ణ లాంటి 145 నుంచి 150 రోజుల రకం వేసిన పల్లపు మడులు కోతకు కూడా ఆరవు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లాను ముంచినప్పుడు పడినట్టు కోత ముందు భారీ వాన పడితే నేల ఇంకా మెత్తబడుతుంది. అలాంటి మడిలోకి చక్రాల హార్వెస్టరు దిగితే, ఒక్క చాలుతోనే అడుగు లోతు దాకా మట్టి అణిగిపోతుంది. కోతకు పది పన్నెండు రోజుల ముందే నీరు తీసివేయండి, తడి ఆరకపోతే గొలుసు చక్రాల యంత్రమో కొడవలో మేలు. యంత్రాన్ని గట్టు వారన ఒకే దారిలో తిప్పించి, ధాన్యం ట్రాలీని మడిలోకి దించకుండా ఆపండి. అణిగే చోటు ఎంత తక్కువైతే అంత మంచిది.

మినుముకు మళ్ళీ దున్నకండి. కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచిన వరిలోనే, ఎకరాకు 16 నుంచి 18 కిలోల విత్తనం చల్లే మన పాత పద్ధతే నేలకు మంచిది. ఒడియా వారు దీన్ని పైరా అంటారు. మడిలో కాలు పెడితే అడుగు ముద్ర పడాలి, కాలు దిగబడకూడదు. అదే చల్లడానికి సరైన పదును. విత్తనానికి రైజోబియం (పప్పుజాతి వేళ్ళకు గాలిలోని నత్రజనిని అందించే సూక్ష్మజీవులు) పట్టించడం మరవకండి. యంత్రంతో కోసేవారు కోసిన తరువాత దున్నకుండా విత్తే గొర్రుతో వేయవచ్చు. ఏటా ఈ మడికి ఒక పంట దుక్కి తప్పినట్టవుతుంది, ఆ కాలంలో పప్పుజాతి వేళ్ళు మట్టిని తిరిగి కణికలుగా కట్టే పని మొదలుపెడతాయి.

మన వైపు గడ్డిని పశువుల మేతకూ ఇంటికప్పులకూ దాచుకోవడం వల్ల తగలబెట్టే అలవాటు తక్కువ, అది మనకున్న అదృష్టం. తగలబెడితే గడ్డిలోని కర్బనం, నత్రజని దాదాపు అంతా గాలిలో కలిసిపోతాయి. మేతకు పోయిన గడ్డి గెత్తంగా తిరిగి అదే మడికి చేరితే చాలు. చేరుతోందా అన్నది మాత్రం చూసుకోవాలి, ఇంటికి దగ్గరగా ఉన్న మడులకే ఏటా గెత్తం పోయి, దూరపు మడులు ఖాళీ అవుతున్నాయి. కోసేటప్పుడు నాలుగైదు అంగుళాల మోడు వదిలితే, మొలిచే మినుముకు నీడగానూ నేలకు కప్పుగానూ పనికివస్తుంది.

గట్టిపొరను పగలగొట్టాలా

గోతిలో పొర కనబడగానే లోతు దుక్కి చేయించాలన్న ఆత్రం కలగడం సహజం. వరి నాటే మడుల్లో పొరను అంతటా పగలగొడితే ఆ మరుసటి వానకారులో నీరు నిలవదు, మళ్ళీ దమ్ము మీద దమ్ము చేయవలసి వస్తుంది. పొర అయిదు సెంటీమీటర్ల కంటే మందంగా, పలకలుగా, వేరు కూడా దూరనట్టు ఉన్న మడుల్లో మాత్రమే, బాగా ఆరిన ఏప్రిల్ నెలలో, ఉలి నాగలితో నాలుగైదు అడుగుల ఎడం వదిలి చాళ్ళు వేయండి. తడిగా ఉన్నప్పుడు ఉలి నాగలి మట్టిని కోస్తుంది గాని పగలగొట్టదు. చాళ్ళు పడిన చోట వెంటనే జీలుగ వేస్తే దాని తల్లివేరు ఆ బీటల్లోంచి దిగి, కుళ్ళిన తరువాత నీటికీ గాలికీ దారి వదులుతుంది. దారి దగ్గరా మూలల్లోనూ మాత్రమే గట్టిపడిన మడుల్లో అక్కడికే ఈ పని పరిమితం చేయండి.

మీథేన్, నీరు

నీరు కట్టిన మట్టిలో గాలి అయిపోయాక, పచ్చి గడ్డినీ పచ్చిరొట్టనూ తిని మీథేన్ వదిలే సూక్ష్మజీవులు విజృంభిస్తాయి. వందేళ్ళ లెక్కన మీథేన్ భూమిని వేడెక్కించే శక్తి బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 27 రెట్లు. అందుచేత నేలలో కర్బనం నిలిపామని సంతోషిస్తూ, అంతకు మించి మీథేన్ పైకి పంపితే ప్రయోజనం లేదు. గడ్డిని నీరు కట్టడానికి నెలకు మించి ముందే, గాలి ఆడే నేలలో కలిపితే, అప్పటికప్పుడు కలిపినదానితో పోలిస్తే అయిదో వంతు ప్రభావమే ఉంటుందని ఐపీసీసీ (వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) 2019 లెక్కల పద్ధతి చెబుతుంది. గెత్తాన్ని ముందే, మాగినదే తోలమన్నది ఇందుకే.

నీటి వసతి చేతిలో ఉన్నవారు ఆరుతడి పద్ధతి పాటించాలి. అడుగు పొడవు, నాలుగు నుంచి ఆరు అంగుళాల వెడల్పు ఉన్న ప్లాస్టిక్ గొట్టం కింది భాగానికి కన్నాలు పెట్టి, ఆ భాగమంతా నేలలోకి దింపి, లోపలి మట్టి తీసివేయండి. నాటిన రెండు వారాల తరువాత నుంచి, గొట్టంలో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందకు దిగినప్పుడే మళ్ళీ తడి పెట్టండి. పూతకు వారం ముందు నుంచి వారం తరువాత దాకా మాత్రం రెండంగుళాల నీరు ఉంచాలి. ఇలా చేస్తే మీథేన్ సగం దాకా తగ్గుతుంది. తడి ఆరుడు మారుతున్నప్పుడు, భూమిని వేడెక్కించే మరో వాయువైన నైట్రస్ ఆక్సైడ్ కొంత పెరుగుతుంది కాబట్టి, యూరియాను ఒకేసారి కాక దఫాలుగా వేయండి. మట్టి పరంగా ఇంకో మేలు కూడా కంటికి కనిపిస్తుంది: ఆరి తడిసే ప్రతిసారీ దమ్ములో చెదిరిన మట్టి కొంత కణికలు కడుతుంది.

కర్బనం లెక్క

ఈ లెక్క తెలియకపోవడం వల్ల ఒక ఏడాదికే నిరాశపడేవారున్నారు. ఎకరం నేల 15 సెంటీమీటర్ల లోతు దాకా, ఘన సెంటీమీటరుకు 1.4 గ్రాముల సాంద్రతతో, సుమారు 850 టన్నుల బరువు ఉంటుంది. మట్టి పరీక్ష కార్డులో సేంద్రియ కర్బనం 0.5 శాతం అని ఉంటే ఆ మట్టిలో దాదాపు నాలుగుంబావు టన్నుల కర్బనం ఉన్నట్టు. మీరు ఎకరాకు రెండు టన్నుల గడ్డి నేలకు ఇచ్చారనుకోండి. గడ్డిలో కర్బనం సుమారు 40 శాతం, అంటే 800 కిలోలు. అందులో ఎక్కువ భాగం ఏడాదీ రెండేళ్ళలో వాయువుగా పోయి, పదిలో ఒకటో రెండో పాళ్ళు మిగులుతాయి. ఆ మిగిలిన వంద కిలోలు కార్డులో 0.012 శాతమే. ప్రయోగశాల కొలతలోని తేడా కంటే ఇది తక్కువ. కాబట్టి ఏటా పరీక్ష చేయించి పెరగలేదని బాధపడకుండా, మూడేళ్ళకోసారి, అదే నెలలో, అదే మడిలో, అదే లోతు నుంచి తీయండి. 0.5 శాతం లోపు తక్కువ, 0.5 నుంచి 0.75 మధ్యస్థం, ఆపైన ఎక్కువ అని కార్డు లెక్క. ఒడియాలో ఉన్న కార్డులో జైవ అంగారక అన్న మాట ఉన్న వరుస చూడండి.

నమూనా వరి కోసిన తరువాత, ఎరువు పడకముందు తీయాలి. మడిలో ఎనిమిది పది చోట్ల పైన చెత్త తోసి, ఆంగ్లపు వీ ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంట తవ్వి, పక్కనుంచి సమాన మందంలో మట్టి గీసి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు వదిలేస్తూ, అర కిలో మిగిలేదాకా తగ్గించి, నీడలో ఆరబెట్టండి. దుక్కి పద్ధతి మార్చినవారు 15 నుంచి 30 సెంటీమీటర్ల పొరను వేరే సంచిలో తీయాలి, లేకపోతే పైకి చేరిన కర్బనాన్ని చూసి మొత్తం పెరిగిందని పొరబడతారు. గజపతి జిల్లావారికి ఆర్. ఉదయగిరిలో, రాయగడ జిల్లావారికి గుణుపురంలో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి, నమూనా ఎక్కడ ఇవ్వాలో అక్కడ అడగవచ్చు.

సాంద్రత కూడా కొలుచుకుంటే లెక్క గట్టిపడుతుంది. లోపలి వ్యాసం 5, పొడవు 10 సెంటీమీటర్లు ఉన్న ఇనుప గొట్టాన్ని నేలలోకి నిటారుగా దించి, మట్టితో సహా తీసి, రెండు చివరలూ చాకుతో సమం చేసి, ఆ మట్టిని బాగా ఆరబెట్టి తూయండి. గొట్టంలో 196 ఘన సెంటీమీటర్లు పడతాయి, తూకం 275 గ్రాములైతే సాంద్రత 1.4. గట్టిపొరలో ఇదే కొలిస్తే 1.6 దాటినా ఆశ్చర్యపోకండి.

మొత్తం పొలం మీద ఒకేసారి ఇవన్నీ ప్రయోగించకండి. ఒకే నీరు, ఒకే రకం ఉన్న మడిని నడుమ గట్టువేసి రెండు చేయండి. పది సెంట్లైనా చాలు, పట్టాలో డెసిమిల్ అని రాసి ఉండేది మన సెంటే. ఒక సగంలో మీ అలవాటు ప్రకారం, రెండో సగంలో ఒక్క దమ్ముతో, దున్నని మినుముతో సాగు చేయండి. ప్రతి దుక్కి తేదీ, లోతు, ఆ రోజు ఉండ పరీక్షలో ఏం కనబడిందో, డీజిలు ఎంత పట్టిందో, వడ్లూ మినుములూ ఎన్ని కిలోలు వచ్చాయో రెండింటికీ వేరువేరుగా రాయండి. జనవరి నెలాఖరున, మినుము పూత మీద ఉన్నప్పుడు, రెండు సగాల్లోనూ ఒక్కొక్క మొక్కను పక్కనుంచి తవ్వి తీసి, తల్లివేరు ఎంత లోతు నిటారుగా దిగిందో కొలబద్ద పెట్టి కొలిచి, ఆ అంకెను కూడా పక్కనే రాయండి.